ఫైబర్ తీగా, ఫోన్ టవరా? ఇంటికి నెట్ ఎంచుకునే ముందు

ఇంటికి నెట్ పెట్టించుకోవాలనుకునే వారు నన్ను మొట్టమొదట అడిగే మాట ‘ఏ కంపెనీది తీసుకోమంటారు?’ అన్నది. దీనికి నేను ఏనాడూ సూటిగా జవాబు చెప్పలేకపోయాను. కూకట్‌పల్లిలో మా వీధిలో నెలల తరబడి ఆగకుండా నడిచే కంపెనీ కనెక్షనే, రెండు వీధుల అవతల మా తోడల్లుడి ఇంట్లో వారానికొకసారి పడిపోవడం నేను కళ్ళారా చూశాను. తీగ మీద వచ్చే నెట్ బాగోగులు ఆ వీధిని చూసుకునే లైన్‌మ్యాన్ మీద, టవరు నుంచి వచ్చే నెట్ బాగోగులు మన ఇంటి కిటికీ ఏ వైపు తెరుచుకుంటుందన్న దాని మీద ఆధారపడినంతగా కంపెనీ పేరు మీద ఆధారపడవని నా నమ్మకం. ఆ రెండింటినీ డబ్బు కట్టకముందే ఎలా పరిశీలించవచ్చో, ఏ ఇంటికి ఏది నప్పుతుందో ఇక్కడ వివరిస్తాను.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈనాడు ఒక కుటుంబం ముందున్న దారులు మూడు. మొదటిది, స్తంభాల మీదుగానో భూమిలోని గొట్టం ద్వారానో వచ్చి హాలు గోడ మీది బాక్సులో చేరే ఫైబర్. రెండవది, ఇప్పటికే అందరి జేబుల్లో ఉన్న ఫోన్ డేటా. అవసరమైనప్పుడు హాట్‌స్పాట్ వేసి టీవీకీ ల్యాప్‌టాప్‌కూ పంచుకోవచ్చు. మూడవది, 2023లో వచ్చిన ఎయిర్‌ఫైబర్. దీనిని ఎయిర్‌టెల్ ఆ ఏడాది ఆగస్టులో ఢిల్లీ, ముంబయిలలోనూ, జియో సెప్టెంబరు 19న హైదరాబాద్‌తో సహా ఎనిమిది నగరాలలోనూ మొదలుపెట్టాయి. పేరులో ఫైబర్ ఉంది కదా అని ఇంటికి ఫైబర్ వస్తుందనుకోకూడదు. డాబా మీదో బాల్కనీలోనో బిగించిన పెట్టె ఒకటి దగ్గరలోని 5జీ టవరు సిగ్నలును అందుకుని, లోపలున్న వైఫై రూటరుకు పంపుతుంది. అంటే ఇది ఒకే చోట పాతిపెట్టిన పెద్ద ఫోను లాంటిది. అమ్మకానికి వచ్చినవారు ఈ సంగతిని నొక్కి చెప్పరు కనుక కొనేవారే గుర్తుంచుకోవాలి.

నెలకు ఎన్ని జీబీలు, ఏడాదికి ఎన్ని రూపాయలు

రోజుకు 1.5 జీబీ ఇచ్చే 28 రోజుల ప్లానులో మొత్తం 42 జీబీ వస్తుంది. ఒక మనిషి చేతిలోని ఫోనుకు, అంటే వాట్సాప్, వార్తలు, బస్సులో చూసే చిన్న చిన్న వీడియోలు, యూపీఐ చెల్లింపులకు ఇది చాలా ఎక్కువే. అదే డేటాను టీవీకి పంచుకోగానే లెక్క తలకిందులవుతుంది. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం హెచ్‌డీలో గంటకు 3 జీబీ వరకు, 4కేలో గంటకు 7 జీబీ వరకు ఖర్చవుతుంది. రెండున్నర గంటల సినిమా ఒకటి హాట్‌స్పాట్ మీద హెచ్‌డీలో చూస్తే ఏడున్నర జీబీ దాకా, అంటే ఐదు రోజుల కోటా, ఒక్క సాయంత్రంలో హరించుకుపోతుంది. పైగా రోజువారీ కోటా కనుక ఆ సినిమా అసలు సగం కూడా ఆడదు. విశ్రాంతికి ముందే వేగం పడిపోయి తెర మీద చక్రం తిరుగుతూ ఉంటుంది.

‘నాకు అపరిమిత 5జీ ఉంది కదా’ అని కొందరంటారు. 2024 జులైలో ధరలు పెరిగినప్పుడు జియో ఆ సదుపాయాన్ని రోజుకు 2 జీబీ, అంతకు పైబడిన ప్లాన్లకే పరిమితం చేసింది. అపరిమితమన్నది 5జీ సిగ్నలు అందినంత సేపే వర్తిస్తుంది. పడకగదిలోకి వెళ్ళగానే ఫోను 4జీకి మారితే మళ్ళీ రోజువారీ కోటా నుంచే కోత పడుతుంది, ఆ మారడాన్ని మనం గమనించం కూడా.

ఇక రూపాయల సంగతి. ఫోన్ ప్లాను ధరను ఫైబర్ నెల అద్దె పక్కన పెట్టి పోల్చడం పొరపాటు. 28 రోజుల ప్లానుకు ఏడాదిలో 12 కాదు, 13 రీఛార్జిలు పడతాయి. 2022లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లానునూ, నెల నెలా అదే తేదీకి వచ్చే మరొక ప్లానునూ ఇవ్వాలని ఆదేశించింది గాని, దుకాణంలో అడగకుండానే మన చేతికి అందేది ఇప్పటికీ 28 రోజులదే. ఆ 2024 పెంపులో జియో 1.5 జీబీ ప్లాను 239 నుంచి 299 రూపాయలకు చేరింది. ఆ లెక్కన ఒక ఫోనుకు ఏడాదికి 3,887 రూపాయలు. ఫైబర్ వైపు చూస్తే, 2020 సెప్టెంబరులో జియోఫైబర్ 30 ఎంబీపీఎస్ వేగం ఇచ్చే ప్లానును 399 రూపాయలకు తెచ్చినప్పటి నుంచి చాలా కంపెనీల అట్టడుగు ప్లాను నాలుగైదు వందల మధ్యనే తిరుగుతోంది. ప్రకటనలో కనిపించని 18 శాతం జీఎస్టీ కలిపితే ఆ 399 కాస్తా 471 అవుతుంది. ఏడాదికి సుమారు 5,650 రూపాయలు.

ఇక్కడ చాలామంది మరచిపోయే సంగతి ఒకటుంది. ఫైబర్ పెట్టించుకున్నా ఫోన్ రీఛార్జి తప్పదు, కాల్స్ కావాలి కదా. అయితే 2024 డిసెంబరులో ట్రాయ్ తెచ్చిన సవరణ వల్ల డేటా లేకుండా కాల్స్, ఎస్‌ఎమ్‌ఎస్‌లు మాత్రమే ఇచ్చే ప్లాన్లు ఉంచడం కంపెనీలకు తప్పనిసరి అయింది. 2025 జనవరిలో 84 రోజుల గడువుతో ఐదు వందల లోపు ధరకు అవి వచ్చాయి. జియోది 448 రూపాయలు. ఇల్లు కదలని అమ్మమ్మ తాతయ్యల ఫోన్లకు, వైఫై ఉన్న ఇంట్లో, ఈ ప్లాను సరిపోతుంది. ఒక్కో ఫోనుకు ఏడాదికి 3,887 రూపాయల చోట సుమారు 1,950 అవుతుంది కనుక రెండు ఫోన్ల మీద దాదాపు 3,880 మిగులుతుంది. అప్పుడు ఫైబర్ వల్ల ఇంటి మీద పడే అదనపు భారం 5,650 కాదు, 1,800 రూపాయల లోపే. ధరలు మారుతూనే ఉంటాయి కనుక ఈ అంకెలను పట్టుకోనక్కరలేదు, పద్ధతిని పట్టుకుంటే చాలు. ఇంట్లోని ఫోన్లన్నీ ఒక కాగితం మీద రాసి, వైఫై వస్తే ఏయే ఫోను చిన్న ప్లానుకు దిగగలదో గుర్తు పెట్టుకున్నాకే ఫైబర్ ఖరీదా చవకా అన్నది తేల్చాలి. ఇద్దరే ఉండి, ఇద్దరూ పగలంతా బయట తిరిగే ఇంట్లో ఈ ఆదా దాదాపు ఉండదు.

వేగం గురించి క్లుప్తంగా

ఎంబీపీఎస్ అన్నది బిట్ల లెక్క, మనం ఫైళ్ళకు వాడే ఎంబీ బైట్ల లెక్క. ఎనిమిది బిట్లకు ఒక బైటు. అందుకే 100 ఎంబీపీఎస్ కనెక్షను మీద డౌన్‌లోడ్ సెకనుకు పన్నెండున్నర ఎంబీ చూపిస్తే మోసపోయామని అనుకోనక్కరలేదు. హెచ్‌డీ వీడియోకు 5 ఎంబీపీఎస్, 4కేకు 15 ఎంబీపీఎస్ ఉంటే చాలని నెట్‌ఫ్లిక్సే చెబుతుంది. హాల్లో టీవీ, లోపలి గదిలో ఆన్‌లైన్ క్లాసు, వంటింట్లో యూట్యూబ్ ఒకేసారి నడిచినా 30 ఎంబీపీఎస్‌లో ఇమిడిపోతాయి. మధ్యతరగతి ఇంటికి 300 ఎంబీపీఎస్ ప్లాను అంటగట్టడం, ముగ్గురున్న ఇంటికి యాభై మందికి వండే గుండిగ అమ్మడం లాంటిదే. నెమ్మదిగా ఉందని ప్లాను పెంచుకున్న వారిలో చాలామందికి అసలు చిక్కు రూటరు ఉన్న చోటులో ఉంటుంది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

డౌన్‌లోడ్ కన్నా అప్‌లోడ్ వేగం గురించే, అంటే మన ఇంటి నుంచి బయటకు డేటా వెళ్ళే వేగం గురించే అడగాలి. ఫైబర్ ప్లాన్లలో చాలావాటికి అప్‌లోడ్ వేగం డౌన్‌లోడ్‌తో సమానంగా ఉంటుంది. టవరు నెట్‌లో, అది ఫోనైనా ఎయిర్‌ఫైబరైనా, బాగా తక్కువగా ఉండి, సిగ్నలు బలహీనపడిన కొద్దీ ముందుగా దెబ్బతినేది అదే. ఇంటి నుంచి ఆఫీసు పని చేసేవారు మీటింగులో ‘మీ మాట తెగిపోతోంది’ అని వినేది ఇందువల్లనే. సీసీ కెమెరాలు పెట్టుకుని ఊరి నుంచి చూసుకోవాలనుకునే వారికి కూడా అప్‌లోడే ప్రాణం.

టవరు నెట్‌ను పరీక్షించడం

మా అమ్మగారు అమలాపురం దగ్గరి పల్లెలో ఉంటారు. మందపాటి గోడల పాత డాబా ఇల్లు. హాల్లో ఒక గీత సిగ్నలు కూడా నిలబడదు. కొన్నాళ్ళు ఆ ఇంటికి నెట్ అంటే వంటింటి కిటికీ ఊచకు వేలాడదీసిన గుడ్డ సంచి. అందులో హాట్‌స్పాట్ వేసిన పాత ఫోను, దానికి ఛార్జరు తీగ. కిటికీకి అవతల కొబ్బరితోట, తోట చివర టవరు. సంచి ఆ ఊచకు ఉన్నంతసేపు అమెరికాలో ఉన్న మా చెల్లెలితో అమ్మ వీడియో కాల్ చక్కగా నడిచేది. ఎవరైనా సంచిని పక్క గది కిటికీకి మారిస్తే బొమ్మ బిగుసుకుపోయేది. అంతా బాగుందనుకుంటుండగా సంక్రాంతి వచ్చింది. ఊరు ఊరంతా హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ దిగి, తలా ఒక ఫోను తీసి కోడిపందేలు చూపించడం మొదలుపెట్టేసరికి, అదే కిటికీలో, అదే సంచిలో, నిండు గీతలున్నా ఫొటో కూడా వెళ్ళలేదు.

టవరు నెట్ గురించి తెలియవలసిన రెండు సంగతులూ ఆ సంచిలోనే ఉన్నాయి. గీతలు చెప్పేది సిగ్నలు ఎంత బలంగా చేరుతోందన్న సంగతి మాత్రమే. ఆ టవరు మీద అదే సమయంలో ఎందరున్నారన్నది అవి చెప్పవు. కనుక పరీక్ష మధ్యాహ్నం రెండింటికి చేస్తే ఉపయోగం లేదు. రాత్రి ఎనిమిదిన్నర నుంచి పదిన్నర మధ్య, కనీసం మూడు రోజులు, అందులో ఒకటి ఆదివారం అయ్యేలా చూసుకుని, మీరు నిజంగా కూర్చుని పనిచేసే చోటే వేగం కొలవండి. ట్రాయ్ వారి మైస్పీడ్ యాప్ ఇందుకు సరిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటిలో సెట్టింగ్స్‌లోని ‘అబౌట్ ఫోన్’లో ‘సిమ్ స్టేటస్’ తెరిస్తే సిగ్నలు బలం డీబీఎం అనే కొలతలో, మైనస్ గుర్తుతో కనిపిస్తుంది. మైనస్ తర్వాత 85, అంతకంటే చిన్న అంకె (మైనస్ 80 లాంటిది) ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. మైనస్ 110 దాటితే ఆ గదిని నమ్ముకోవద్దు. ఇంట్లో ఒకే కంపెనీ సిమ్ములుంటే, వేరే కంపెనీ సిమ్ము ఉన్న పక్కింటి వారిని ఒక గంట మీ ఇంట కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి కొలవడం కన్నా మంచి సర్వే లేదు.

5జీ విషయంలో కిటికీ మరీ ముఖ్యం. ఎక్కువ వేగాన్నిచ్చే 3.3 గిగాహెర్ట్జ్ తరంగాలు కాంక్రీటు గోడలనూ స్లాబునూ దాటడంలో బలహీనమైనవి. 700 మెగాహెర్ట్జ్ తరంగాలు గోడలు దాటుకుని లోపలికి వస్తాయి గాని మోసుకొచ్చే డేటా తక్కువ. ఎయిర్‌ఫైబర్ పెట్టెను ఇంటి బయట బిగించడంలోని మతలబు ఇదే: గోడను దాటే పనిని తరంగాలకు వదలకుండా తీగకు అప్పగించడం. అందువల్ల హాట్‌స్పాట్ కన్నా ఎయిర్‌ఫైబర్ ఎప్పుడూ మేలే. కాని డాబా మీద నుంచి టవరు వైపు చూసినప్పుడు మధ్యలో ఖాళీ స్థలం కనిపిస్తే కొంచెం ఆలోచించండి. రేపు అక్కడ ఐదంతస్తుల అపార్టుమెంటు లేస్తే ఈ రోజు వచ్చిన వేగం ఉండదు. అద్దెకున్నవారు డాబా మీద పెట్టె బిగించడానికి యజమానినీ, అపార్టుమెంటులోనివారు అసోసియేషనునూ ముందే అడగాలి. సాంకేతిక నిపుణుడు వచ్చి డ్రిల్లింగ్ మిషన్ తీశాక మొదలయ్యే వాదనలు నేను కొన్ని చూశాను. ఎయిర్‌ఫైబర్ ప్లాన్లలో నెలవారీ హద్దు సాధారణంగా 1,000 జీబీ, ఫైబర్‌లో 3,300 జీబీ. పెద్ద ఇంటికైనా వెయ్యి జీబీ చాలు గనుక ఈ తేడా ఒక్కదాన్ని చూసి ఫైబర్ వైపు మొగ్గనక్కరలేదు.

తీగను, తీగ వెనకున్న మనిషిని పరీక్షించడం

ఫైబర్‌లో ఒకే తీగలో వచ్చే వెలుగును వీధిలోని స్ప్లిటర్ పెట్టె 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో చీల్చి పంచుతుంది. మధ్యదారిలో కరెంటు అక్కరలేదు. రెండు చివర్లా ఉంటే చాలు. ఈ పద్ధతిలో ఒక్కో గుంపుకు రెండున్నర గిగాబిట్ల వరకు వేగం ఉంటుంది కనుక, రాత్రి తొమ్మిదింటికి టవరు కిందివారు పడే అవస్థ ఫైబర్ ఇళ్ళకు చాలా తక్కువ. ఎండా వానా, పక్కింటి పెళ్ళి జనం ఈ వెలుగును ఏమీ చేయలేవు. ఫైబర్‌ను చెడగొట్టేది తెగడం, వంగడం. ఈ రెండూ మనుషుల వల్ల, లారీల వల్ల, కొన్ని ఊళ్ళలో కోతుల వల్ల జరుగుతాయి.

ఒకసారి మా ఇంట్లో నెట్ ఆగి, గోడ మీది బాక్సులో ఎల్‌ఓఎస్ (లాస్ ఆఫ్ సిగ్నల్) అని రాసి ఉన్న చోట ఎర్ర లైటు మినుకుమనడం మొదలైంది. కంపెనీ నంబరుకు చేస్తే బాక్సు ఆపి వేయమన్నారు, మళ్ళీ వేయమన్నారు, 48 గంటలు అన్నారు. లైన్‌మ్యాన్ నంబరు మా వాచ్‌మన్ దగ్గరుంది. ఆయన వచ్చి తీగ కొసను వెలుగు బలం కొలిచే పవర్ మీటరులో పెట్టి చూస్తే మైనస్ 31 డీబీఎం ఉంది. మైనస్ 27 దాటితే బాక్సు వెలుగును గుర్తు పట్టలేదు. అంకె చూసి ఆయన స్తంభం వైపు వెళ్ళకుండా గది కేసి చూసి, ‘బీరువా ఏమన్నా జరిపిన్రా సార్?’ అన్నాడు. పండగకు సున్నం వేయించి బీరువాను గోడకు ఆనించి తోశాం. దాని వెనక తీగ మడత పడి ఉంది. బీరువాను బెత్తెడు ముందుకు లాగి తీగను చేతి చుట్టంత వంపులోకి సవరించగానే మైనస్ 20 వచ్చింది, ఎర్ర లైటు ఆరిపోయింది. పది నిమిషాల పని. ఆ లైన్‌మ్యాన్ లేకపోతే రెండు రోజులు పట్టేది, అదే కంపెనీ, అదే ప్లాను.

అందువల్ల ఫైబర్ తీసుకునే ముందు కంపెనీ వెబ్‌సైటు కన్నా మీ వీధిలోని మూడు ఇళ్ళ తలుపులు తట్టడం మంచిది. కిందటిసారి నెట్ ఎప్పుడు పోయింది, ఎన్ని గంటల్లో వచ్చింది, బాగు చేసింది ఎవరు అని అడగండి. మూడో ప్రశ్నకు అందరూ ఒకే మనిషి పేరు చెప్పి, ఆ పేరును కాస్త ఆప్యాయంగా చెబితే కళ్ళు మూసుకుని ఆ కనెక్షను తీసుకోవచ్చు. పేరు తెలియదు, ఎవరో వస్తారు అన్నారంటే, నెలకు వంద తక్కువైనా నేను తీసుకోను. మన చిన్న పట్టణాల్లో పేరు పెద్ద సంస్థది అయినా స్తంభం ఎక్కే చెయ్యి చాలాసార్లు స్థానిక కేబుల్ ఆపరేటరుదే. బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్‌ను కూడా చాలాచోట్ల భాగస్వాములైన ఆపరేటర్లే ఇళ్ళకు చేరుస్తున్నారు. 2017 డిసెంబరు 27న వెలగపూడిలో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, 15 ఎంబీపీఎస్ నెట్ కలిపి ఇస్తామని వచ్చినప్పుడు, విద్యుత్ స్తంభాల మీద తీగ లాగింది ప్రభుత్వమైనా ఇంటింటికీ కలిపింది ఆ కేబుల్ ఆపరేటర్లే. తెలంగాణలో ప్రభుత్వ ఫైబర్ పథకమైన టీ-ఫైబర్‌కు మాత్రం మిషన్ భగీరథ నీటి గొట్టాల కందకాల్లోనే గొట్టం వేశారు. భూమిలోని తీగ గాలివానకు తట్టుకుంటుంది. జేసీబీకి తట్టుకోదు.

స్తంభాల మీది తీగకు ఉన్న ముప్పు హైదరాబాద్ వారికి 2025 ఆగస్టులో బాగా అర్థమైంది. రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథయాత్రలో విద్యుదాఘాతం వల్ల ఐదుగురు చనిపోయిన తరువాత విద్యుత్ సిబ్బంది స్తంభాల మీది కేబుళ్ళను కత్తిరించడం మొదలుపెట్టారు. ఎన్నో కాలనీల్లో నెట్ ఆగిపోయి, వివాదం హైకోర్టు దాకా వెళ్ళింది. వేలాడే తీగల గుబురును తీయవద్దని ఎవరూ అనలేరు. కాని ఇంటి నుంచి పనిచేసేవారికి ఆ రోజుల్లో దిక్కయింది ఫోను హాట్‌స్పాటే. తీరప్రాంతాల్లో తుపానులు వచ్చినప్పుడు తీగా టవరూ రెండూ పడిపోతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకాక విశాఖపట్నంలో రోజుల తరబడి ఫోను మోగక జనం పడిన ఇబ్బంది తెలిసిందే. అటువంటి రోజులకు ఏ ఎంపికా జవాబు కాదు. మామూలు కరెంటు కోతలకు మాత్రం సులువైన మందుంది. బాక్సుకూ రూటరుకూ చాలావరకు 12 వోల్టుల కరెంటు చాలు కనుక, రూటరు కోసమే అమ్మే చిన్న యూపీఎస్ ఒకటి కొంటే ఇన్వర్టరు లేని ఇంట్లోనూ రెండు మూడు గంటలు నెట్ ఆగదు.

ఇంటిలోపల

ఎంపిక అంతా బాగా చేసి, చివరకు రూటరును ద్వారబంధం పక్కన చెప్పుల బల్ల మీద పెట్టించుకునేవారు ఎందరో. వచ్చిన కుర్రాడికి తక్కువ తీగ పట్టే చోటు అదే కనుక అతడు అక్కడే పెడతాడు. పది మీటర్ల తీగ ఎక్కువైనా సరే, ఇంటి నడిమధ్య, ఎత్తులో, ఇనుప బీరువాకూ ఫ్రిజ్‌కూ దూరంగా పెట్టించండి. అదనపు తీగకు డబ్బు అడిగితే ఇచ్చేయండి. రూటరు రెండు రకాల వైఫై ఇస్తుంది. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా ఉంటుంది గాని రెండో గోడ దాటలేదు. 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళుతుంది గాని అపార్టుమెంటులో ఇరుగు పొరుగు రూటర్లన్నీ అందులోనే ఒకదాని మీద ఒకటి మాట్లాడుకుంటుంటాయి. వైఫైలోని 5 గిగాహెర్ట్జ్ వేరు, ఫోనులోని 5జీ వేరు. ఈ రెండింటినీ కలగలిపి చెప్పే అమ్మకందారులకు దణ్ణం పెట్టి పంపేయవచ్చు. టీవీకి మాత్రం రూటరు నుంచి నేరుగా ల్యాన్ తీగ లాగించడమే ఉత్తమం. మేడ ఇంట్లో పై అంతస్తుకు రెండో రూటరు కావాలి. ఆ ఖర్చును మొదటే లెక్కలో వేసుకోవాలి.

ఎవరికి ఏది

అమీర్‌పేట హాస్టళ్ళలో ఉండి కోర్సులు చేసేవారు, ఏడాదిలో రెండిళ్ళు మారే బ్రహ్మచారులు, మార్కెటింగ్ ఉద్యోగాల్లో ఊళ్ళు తిరిగేవారు, పగలంతా పొలంలో ఉండే రైతులు ఫోన్ డేటాతోనే ఉండాలని నా సలహా. నెట్ మనిషితో పాటు తిరగవలసిన చోట ఇంటికి తీగ లాగడం డబ్బు దండగ. నచ్చకపోతే నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే వెసులుబాటు కూడా ఫోనుకే ఉంది.

ఇంట్లో ఒక్కరైనా ఇంటి నుంచి ఆఫీసు పని చేస్తున్నా, ఇద్దరు బడిపిల్లలున్నా, స్మార్ట్ టీవీ రోజూ నడుస్తున్నా, వీధిలో మంచి లైన్‌మ్యాన్ ఉన్నంతవరకు ఫైబర్‌కు తిరుగులేదు. విదేశాల్లో పిల్లలున్న పెద్దవారిని కూడా నేను ఇందులోనే చేరుస్తాను. ఉదయం ఏడింటికి, అంటే వేసవిలో డల్లాస్‌లో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నరకు, మనవరాలి ముఖం చూడటానికి కూర్చున్న వారికి కోటా అయిపోయిందనీ, హాట్‌స్పాట్ ఆన్ చేయమనీ చెప్పడం ఏం బాగుంటుంది? గోడ మీద ఎప్పుడూ వెలిగే బాక్సు వారికి కావాలి.

ఎయిర్‌ఫైబర్‌ను నేను రెండు సందర్భాల్లోనే సిఫారసు చేస్తాను. ఒకటి, ఊరి శివార్లలో కొత్తగా వేసిన లేఅవుట్లు. అక్కడ టవరు ఉంటుంది గాని ఫైబర్ చేరడానికి ఇంకా ఏడాదో రెండేళ్ళో పడుతుంది. రెండు, తీగ తరచుగా తెగే వీధులు. ఫైబర్ బాగా పనిచేస్తున్న వీధిలో ఉంటూ, బిగింపు త్వరగా అవుతుందన్న ఒక్క కారణంతో ఎయిర్‌ఫైబర్‌కు వెళ్ళినవారు రాత్రిపూట వేగం చూసి వెనక్కి రావడమే నేను ఎక్కువగా చూశాను. నెట్ ఆగితే జీతం ఆగే ఉద్యోగం చేస్తున్నవారు ఫైబర్ ఉంచుకుని, ఫోను సిమ్మును వేరే కంపెనీది పెట్టుకోవాలి. రెండూ ఒకే కంపెనీవి అయితే ఒకే చోట తీగ తెగినప్పుడు మీ బాక్సూ మీ టవరూ కలిసి మూగబోయే అవకాశం ఉంది.

డబ్బు కట్టేటప్పుడు

ఆరు నెలలకో ఏడాదికో ముందుగా కడితే బిగింపు ఉచితం, రూటరు ఉచితం అంటారు. మొదటి రెండు నెలలు మాత్రం నెలవారీగానే కట్టండి, బిగింపుకు ఐదు వందలో వెయ్యో పోయినా ఫరవాలేదు. ఏడాది డబ్బు ఒకసారి చేతిలో పడ్డాక ఫిర్యాదుకు దొరికే మర్యాద వేరు. ఫిర్యాదును వాట్సాప్‌లో లైన్‌మ్యాన్‌కు చెప్పినా, కంపెనీ యాప్‌లో కూడా నమోదు చేసి నంబరు తీసుకోండి. 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ట్రాయ్ సేవా ప్రమాణాల నిబంధనల ప్రకారం, ఇంటి తీగ కనెక్షను చెడిపోయి మూడు రోజులకు మించి బాగుకాకపోతే అద్దెలో తగ్గింపు ఇవ్వాలి. ఆ మూడు రోజుల లెక్క మీ ఫిర్యాదు నంబరు తేదీ నుంచే మొదలవుతుంది. ఫోను కంపెనీలు తమ సిగ్నలు ఎక్కడెక్కడ ఉందో చూపే పటాలను వెబ్‌సైట్లలో పెట్టాలన్నది కూడా ఆ నిబంధనల్లోనిదే. కిటికీ పరీక్షకు ముందు మీ వీధిని అందులో ఒకసారి చూడండి, పటంలో లేని చోట పరీక్షే అక్కరలేదు.

కనెక్షను వద్దనుకున్న రోజున బాక్సూ రూటరూ కంపెనీవే అయితే, వచ్చిన మనిషి చేతికి ఊరికే ఇచ్చి పంపకండి. బాక్సు వెనక ఉన్న సీరియల్ నంబరును ఫొటో తీసి, ఆ నంబరు రాసిన రసీదు తీసుకున్నాకే అప్పగించండి. నేను అలా చేయకపోవడంతో, తిరిగి ఇచ్చేసిన బాక్సుకు ఖరీదు కట్టమని ఆరు నెలల తర్వాత ఫోను వచ్చింది. బాక్సు కోసం కట్టిన డిపాజిట్టు సంగతి నేను ఎత్తితే వారి దగ్గర దానికి నమోదే లేదు.